అంకణం రెండు లక్షలు

"డిస్ట్రెస్ వాల్యూ అంటే ఏందప్పా? నేనేమన్నా డిస్ట్రెస్‌లో ఉండానా?"

పుంగనూరు గోడౌను రేకుల మీద వాన దబదబా కొడుతోంది. దాన్ని మించి లేచింది చంద్రిక గొంతు. ఎదురుగా ఉన్న కుర్రవాడు ఫైలు తడవకుండా చొక్కాలో దాచుకుని, తను మాత్రం నిలువునా తడిసి ఉన్నాడు. పేరు ముద్దుకృష్ణ. ఊరు కుప్పం. తాకట్టుకు వచ్చిన ఆస్తికి విలువ కట్టమని బ్యాంకు పంపిన వాల్యుయర్.

"మీరు కాదు మేడమ్. అప్పు కట్టకపోతే బ్యాంకు దీన్ని తొందరగా అమ్ముకోవాల్సొస్తాది. అప్పుడొచ్చే ధర అది. లారీలు పోయినాక మీ మండీలో మిగిలిన టమోటాకు ఏం రేటొస్తాదో, అట్ల."

ఉదాహరణ సరిగ్గా కుదిరింది. అందుకే ఆమెకు ఇంకా మండింది. మదనపల్లెలో ఆరేళ్ళుగా టమోటా మండీ నడిపే మనిషికి టమోటా రేటు చెప్పేవాడొచ్చాడు!

అతను చేతిలోని లేజరు మీటరు నొక్కాడు. గోడ మీద పడాల్సిన ఎర్ర చుక్క ఆమె భుజం మీద పడింది.

"మూడు మీటర్ల నలభై," అన్నాడు.

"అది నేనప్పా, గోడ కాదు."

"పక్కకు జరగండి మేడమ్. మిమ్మల్ని కూడా కలిపి రాసేస్తే బ్యాంకు ఒప్పుకోదు."

నవ్వొచ్చింది కానీ చంద్రిక నవ్వలేదు. నవ్వితే రేటు తగ్గుతుందని ఆమెకు మండీ నేర్పింది.

ఆమె మండీ ఉన్న షెడ్డు ఆమెది కాదు. ఓనరు గంగాధరం దాన్ని నలభై లక్షలకు బేరం పెట్టాడు. నెలలోపల తెస్తే ఆమెకు, లేదంటే బెంగళూరు పార్టీకి. నాయన పోయాక నెత్తికెత్తుకుని నిలబెట్టిన వ్యాపారం రోడ్డున పడుతుంది. ఉన్న ఆస్తి నాయన వదిలిన ఈ గోడౌను ఒక్కటే, అక్కడి జాగా కొలతలో నలభై అంకణాలు. అంకణం రెండు లక్షల లెక్కన ఎనభై లక్షలు. బ్యాంకు వందకు అరవై ఇచ్చినా షెడ్డు కొని ఇంకా మిగులుతుంది. ఇదీ ఆమె లెక్క.

నాలుగో రోజు రిపోర్టు వచ్చింది. మార్కెట్ వాల్యూ, యాభై లక్షలు. అంటే అప్పు ముప్ఫై.

ఫోనులో చంద్రిక తిట్టిన తిట్లకు మండీలో హమాలీలు బాక్సులు దించడం ఆపి మరీ విన్నారు. మర్నాడు పొద్దున్నే ముద్దుకృష్ణ స్వయంగా మండీకి వచ్చి నిలబడ్డాడు.

"మూడు బస్సులు మారి రావల్నా? ఫోనులో చెప్పకూడదా?"

"ఫోనులో అయితే మీరు తిట్టేది వినబడతాది గానీ కనబడదు కదా మేడమ్."

"ఎగతాళి సాలు. మా గోడౌను ఈదిలో అంకణం రెండు లక్షలు. నువ్వు లక్షా పాతిక యాడ్నుంచి తెచ్చినావు?"

"రిజిస్ట్రేషన్ రికార్డుల్లోనించి. పక్క స్థలాలు ఎంతకు అమ్ముడైనాయో డాక్యుమెంట్లు సూసి దాన్ని బట్టి కడతాము. మీ గోడౌనును ఆనుకుని పది అంకణాలు రెండేళ్ళ కింద అమ్మినారు. అంకణం లక్షా పాతికే."

"ఎవురప్పా ఆ మతిలేని మనిషి? ఈడికి పిలుసుకొని రా, మొహం సూస్తాను!"

ముద్దుకృష్ణ నకలు కాగితం ఆమె ముందు పెట్టి, అమ్మినవారు అన్న చోట వేలు పెట్టాడు.

ఆ సంతకం చంద్రికదే.

గోడౌను పక్కింటి గోపాలస్వామికి ఆ పది అంకణాలు అమ్మింది తనే. అంకణం రెండు లక్షలకే అమ్మింది. స్టాంపు డ్యూటీ మిగులుతుందని అతను బతిమాలితే డాక్యుమెంటులో లక్షా పాతిక వేయించి, మిగతాది చేతికి తీసుకుంది. ఊరంతా చేసే పనే కదా అనుకుంది. ఊరంతా అలాగే చేసింది కాబట్టే వీధిలో ఏ డాక్యుమెంటు తీసినా అదే రేటు. తన ఆస్తి ధరను తనే సంతకం పెట్టి తగ్గించుకుంది.

"పేపర్లో లేని రేటు నేను రాయలేను మేడమ్," అన్నాడతను మెల్లగా. "రాయాలని నాకూ ఉండాది."

ఆ చివరి మాట ఆమెకు ఎందుకో చాలాసేపు చెవిలోనే ఉండిపోయింది.

సాయంత్రం బ్రోకరు దేవేంద్ర వచ్చాడు. "ఆ కుప్పం పిల్లోణ్ణి వదిలేయ్‌మ్మా. నాకు తెలిసిన ఇంగో వాల్యుయర్ ఉండాడు. ఎనభై రాయిస్తా. ఖర్చు కొంచెం అవతాది."

"ఆయప్ప ఎనభై రాస్తే, బ్యాంకోళ్ళు తొందర్లో అమ్మేటప్పుడు నా గోడౌను ఎనభైకి పోతాదా?"

"పోదులే. అప్పు వస్తాది కదా?"

"అప్పు నలభై ఎనిమిది తీసుకుని, నేను కట్టలేక బ్యాంకు దాన్ని ముప్ఫై అయిదుకు అమ్మితే, మిగిలింది నువ్వు కడతావా దేవేంద్రా? లే, పో!"

బ్యాంకు మేనేజరే దారి చూపించాడు. కొనబోయే షెడ్డును కూడా తాకట్టు పెడితే తక్కువ పడిన పది లక్షలు దాని మీద ఇవ్వవచ్చు. దానికీ వాల్యుయేషన్ కావాలి. ఆ రోజు చంద్రిక కొత్త చుడీదార్ వేసుకుని షెడ్డు ముందు నిలబడింది. వచ్చింది మాత్రం అరవై ఏళ్ళ పెద్దాయన.

"ముద్దుకృష్ణ రాలేదా సార్?"

"మీ ఫైలు ఇంక తనకు పంపొద్దని బ్యాంకుకు లెటరు రాసిచ్చినాడమ్మా."

పెద్దాయన విలువ కట్టాడు. అప్పు మంజూరైంది. గడువుకు ఇంకా ఆరు రోజులుండగానే షెడ్డు ఆమెదవుతోంది. సంతోషించాల్సిన మనిషి కోపంతో బస్సెక్కింది. అతని మాట నిజమని ఒప్పుకున్నందుకు, ఎనభై కాదని దేవేంద్రను తరిమినందుకు, తనకు దక్కిన మర్యాద ఇదా? పలమనేరు దాటేదాకా తిట్లు వెతుక్కుంది. వి.కోట దాటేసరికి వాటిని వరసగా కట్టుకుంది.

కుప్పంలో అతని ఆఫీసు ఒక మేడ మీది చిన్న గది. తలుపు తోసుకుని వెళ్ళింది.

"నా ఫైలు యాల వద్దన్నావు? నా మండీ గబ్బు కొట్టిందా? నా నోరు గయ్యాళిదనా?"

ముద్దుకృష్ణ గబుక్కున లేచి నిలబడ్డాడు. "అది కాదు మేడమ్. మాకు ఒక రూలు ఉండాది. సొంతవాళ్ళ ఆస్తికి మేము విలువ కట్టకూడదు."

"నీకూ నాకూ సుట్టరికం యాడుండాది?"

"ఇంగా లేదు," అన్నాడతను. చెవులు ఎర్రబడ్డాయి. "ముందే రాసిచ్చేది మంచిదని రాసిచ్చినాను. మా అమ్మ ఆదివారం మీ అమ్మను సూసేదానికి మదనపల్లెకు వస్తానంటాంది. మీరు వద్దంటే, రేప్పొద్దునే పోయి లెటరు వాపసు తీసుకుంటాను."

వరసగా కట్టుకున్న తిట్లలో ఒక్కటీ పనికి రాలేదు. చంద్రిక కుర్చీలో కూర్చుంది. అతని టేబులు మీది నీళ్ళ బాటిలు తీసుకుని, అడక్కుండానే సగం తాగింది.

"గురువారం షెడ్డు రిజిస్ట్రేషన్. నలభైకి కొంటాండాను, నలభైకే రాపిస్తాండాను," అంది.

"మంచి పని మేడమ్."

"మేడమ్ అనేది ఆపు." లేచి తలుపు దాకా వెళ్ళి ఆగింది. "ఆ లెటరు ఆడే ఉండనీ. ఆదివారం కూడా మాకు మండీ ఉంటాది. పదకొండు దాటినాక రమ్మను మీ అమ్మను."