నీలం కారు ఎడమ చక్రం

లక్ష్మవ్వ ఆఫీసు గుమ్మం దాటి లోపలికి వచ్చింది కానీ కూర్చోలేదు, ఇచ్చిన మంచినీళ్ళు ముట్టలేదు.

"నా కొడుకును చంపినోన్ని పట్టియ్యి బిడ్డా. వాని పేరు గూడ నేనే చెప్త. నరేష్," అంది.

ఫోరస్ రోడ్డులో పరుపుల దుకాణం పైనున్న ఆ ఇరుకు గది డిటెక్టివ్ శిరీషది. ఒకప్పుడు ఆమె బీమా కంపెనీ తరఫున ప్రమాదాలకు గురైన బండ్లను పరీక్షించేది. నలిగిన ఇనుము ముందు కూర్చుని, అదెలా నలిగిందో ఓపికగా తేల్చడం అప్పుడు అబ్బిన విద్య. ఆమె సహాయకుడు మంగేష్ వయసులో పెద్దవాడు. జీవితమంతా నల్లపసుపు టాక్సీ నడిపి, ముసలితనంలో ఈ ఉద్యోగానికి కుదిరాడు. శిరీష మాటకు తలూపినంతగా తన పెళ్ళాం మాటకు కూడా ఏనాడూ తలూపి ఎరగడని అతనుండే వరుసగదుల చాల్‌లో అందరూ ఆటపట్టిస్తారు.

ఈసారి మాత్రం మంగేష్‌కు తలూపడం చేతకాలేదు. లక్ష్మవ్వ కొడుకు కునాల్ అతని కళ్ళముందే పెరిగాడు. వాడి పాడె మోసి ఇంకా దినాలు కూడా కాలేదు. నరేష్ కూడా అదే చాల్ కుర్రవాడు. ఇద్దరూ నాగ్‌పాడాలో గణేష్ సేట్ గ్యారేజీలో పక్కపక్కన పనిచేశారు.

"నరేషే అని ఎట్ల అంటున్నవ్ అవ్వా?" అని శిరీష అడిగింది.

"ముందటి దినం ఇద్దరు కొట్లాడిన్రు. 'నీ సంగతి చూస్త' అన్నడట. మర్నాడు నా కొడుకు గాడి తీస్కపోతె బ్రేకు పడలే. పైపు తెగింది. దానంతట అదే తెగుతదా? తల్లి లేని పోరడని నా ఖోలీల పెట్టుకొని సాదిన. పాముకు పాలు వోసిన." ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఫిర్యాదు జేసిన. ఎల్లుండి లోపలేస్తరట. కానీ సాక్ష్యం గట్టిగ లేదంటున్రు. నువ్వు గట్టిగ జెయ్యి."

శిరీష కొంచెంసేపు ఆమె ముఖంలోకి చూసింది. "వెతికితే ఎవరు బయటపడ్తరో నాకు తెల్వదు. బయటపడ్డంక మాత్రం దాచిపెట్టను. మరి సరేనా?"

"ఎవలైనా సరే," అంది లక్ష్మవ్వ.

మెట్లు దిగాక ఆమె కొంగుముడి విప్పి, చిటికెడు ఎల్లమ్మ బండారి, గుడిలో ఇచ్చే పసుపు, తీసి మంగేష్ కారు ముందుభాగానికి రాసింది. "మీ తొవ్వ మంచిగుండాలె," అని కళ్ళు మూసుకుంది. కడుపుకోతలో ఉండి కూడా ఎదుటివాడి బండికి దిష్టి తీసే తల్లిని చూసి మంగేష్‌కు దుఃఖం ముంచుకొచ్చింది. స్టీరింగు తుడుస్తున్నట్టు తల వంచుకున్నాడు.

*

పోలీసులు పంచనామా ముగించి కారును గ్యారేజీ వెనక ఆవరణలోనే ఉంచారు. రెండు సీట్ల నీలం స్పోర్ట్స్ కారు. ముందుభాగం కుడివైపు అప్పడంలా నలిగిపోయింది. రేవు వైపు రోడ్డు మలుపులో, ఫ్లైఓవర్ స్తంభానికి గుద్దుకుంది. కునాల్ ఒక్కడే ఉన్నాడు, పని అయ్యాక బండి ఎలా నడుస్తోందో చూసుకోవడానికి బయలుదేరాడు.

"కొట్లాట దేని గురించి?" అని శిరీష గణేష్ సేట్‌ను అడిగింది.

"స్ప్రింగుల గురించి మేడమ్. ఈ కారు ఓనరు బంటీ సేట్‌కు గాడి నేలను నాకాలె. మస్తు పొట్టి స్ప్రింగులు తెచ్చుకున్నడు. కునాల్ ఒప్పుకోలే. ఉన్న షాక్ అబ్జార్బర్ల మీద గంత పొట్టి స్ప్రింగు వేస్తె, ప్రతి గుంతల అడుగు తాకుతది, లిఫ్టు ఎత్తితె స్ప్రింగు లూజయి జారుతది అని జిద్దు పట్టిండు. కారు కొంచెమే దిగే స్ప్రింగులు ఏరిండు, వాటికి జోడు కుదిరే పొట్టి షాక్ అబ్జార్బర్లు తెప్పిచ్చిండు. నరేష్ ఏమన్నడంటె, గిరాకీ అడిగింది వెయ్యాలె, నువ్వెవడివి అన్నడు. మాటకు మాట పెరిగింది."

"చివరికి ఎవరి మాట నిలిచింది?"

"కునాల్‌దే. బిగించింది ఇద్దరు కలిసే. కోపం తెల్లారేసరికి పోయింది, ఇద్దరు ఒక్క గ్లాసుల చాయ్ తాగిన్రు." గణేష్ దగ్గరికి జరిగాడు. "కానీ మేడమ్, ఒక్క మాట. నలిగిన కారు ఇక్కడికి తెచ్చినంక, పోలీసులు రాకముందు నరేష్ దాని కింద దూరిండు. చేతిల బ్లేడు ఉండె. నేను చూసిన. పోలీసులకు గూడ చెప్పిన."

మంగేష్‌కు నరేష్ మీదే అనుమానం కలిగింది. నిప్పు లేనిదే పొగ రాదంటారు.

శిరీష కారు కింద నేల మీద వెల్లకిలా పడుకుంది. టార్చి వెలుగు ఎడమ ముందు చక్రం మీద చాలాసేపు నిలిచింది. "కాకా, ఇటు రాండ్రి. ఏం కనబడ్తుందో చెప్పుండ్రి," అని పిలిచింది.

మంగేష్ మోకాళ్ళు పట్టుకుంటూ వంగాడు. కొత్త స్ప్రింగు ఉన్నచోటే ఉంది, బోల్టులు బిగిసే ఉన్నాయి. బ్రేకు పైపు చివర సాగి, పీచులు లేచి ఉంది. టైరు లోపలి అంచున పసుపుపచ్చ మరక చారలా పట్టి ఉంది.

"రోడ్డు మీద గీతల పెయింటు అంటుకున్నట్టుంది మేడమ్."

"గీతల పెయింటు టైరు లోపలి అంచుకు ఎక్కదు గద. ఇంకా?"

చక్రం వెనక ఇరుసుకు ఎర్రటి నూలు పోగులు బిగుసుకుని ఉన్నాయి. వాటి కొసలు మాత్రం కత్తిరించినట్టు నున్నగా ఉన్నాయి. శిరీష వాటిని చిన్న సంచీలో వేసుకుంది. లేచి నిలబడ్డాక ఆమె ముఖం వాడిపోయి ఉండటం మంగేష్ గమనించాడు. ఆధారం దొరికినప్పుడు ఆమె కళ్ళలో మామూలుగా ఒక మెరుపు కనిపించేది. ఇవాళ అది లేదు.

బంటీ తన ఆఫీసు నుంచి వచ్చాడు. అతని తాత ఈ గల్లీల్లోంచే మేస్త్రీ పనికి వెళ్ళేవాడు. మనవడికిప్పుడు పెద్ద భవంతిలో ఇల్లు. కారును చూడలేక గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"నా జిద్దు వల్లే అయింది అంటున్నరు అందరు. నేను కునాల్ మాట విన్న మేడమ్, ఆయన చెప్పినవే వెయ్యమన్న. అంతకంటె నేనేం జెయ్యాలె?"

"ఇంకేమన్న చెప్పినవా వాళ్ళకు? ఏదన్న వద్దని?"

బంటీ ఆలోచించాడు. "ఆఁ, బంపర్‌కు నిమ్మకాయ మిరపకాయ కట్టద్దన్న. షో పోతదని. అంతే."

"కడుతరా ఇక్కడ?" అని గణేష్ సేట్ వైపు తిరిగింది శిరీష.

"పెద్ద పని ఏదైనా అయితె కడుతం. మా దగ్గర రివాజు. గాడి లిఫ్టు దిగకముందే దిష్టి తీయాలె. ఇది గూడ తీసినం. కట్టుడు మాత్రం కట్టలే, గిరాకీ వద్దన్నడు గద."

ఎవరు తీశారని శిరీష అడగలేదు. అది మంగేష్‌కు ఆ తర్వాత గుర్తొచ్చింది.

*

నరేష్ చాల్‌లో తన ఒంటిగది ఖోలీలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నిండు నెలలతో ఉన్న భార్య మమత తలుపు పట్టుకుని నిలబడింది.

"పైపు నువ్వు తెంపినవా?"

"లేదక్కా."

"మరి బ్లేడుతోటి ఏం కోసినవ్?"

నరేష్ నోరు విప్పలేదు. మమత ఉండబట్టలేక ముందుకొచ్చింది. "చెప్పు! స్టేషన్ల గూడ గిట్లనే కూసున్నవట. కడుపుల బిడ్డ మొఖమన్న చూడవా? నేనేం జేసిన నీకు?" అని ఏడ్చింది. అతను భార్య చేతిని పట్టుకున్నాడు.

"ఎవరిని కాస్తున్నవ్ నరేష్?" అని శిరీష మెల్లగా అడిగింది.

అతను ముఖం అవతలికి తిప్పుకున్నాడు. చాల్ మెట్లు దిగుతూ శిరీష రెయిలింగు పట్టుకుని ఆగింది. "ఈ కేసు వేరే ఎవరన్న తీసుకుంటె బాగుండు కాకా," అంది. మంగేష్ ఆమె నోట అలాంటి మాట అంతవరకు వినలేదు.

*

మర్నాడు సాయంత్రం పని ఆపేసి అందరూ గ్యారేజీలో చేరారు. గణేష్ సేట్, బంటీ ఒక పక్కన. నరేష్, మమత ఇంకో పక్కన. లక్ష్మవ్వ మధ్యలో స్టూలు మీద కూర్చుని, నరేష్ ఉన్నవైపు చూడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లిఫ్టు మీద వేరే గిరాకీ స్పోర్ట్స్ కారు ఒకటి ఎత్తి ఉంది. దానికీ కునాల్ ఏరి వేసిన స్ప్రింగులే.

"ముందుగాల కునాల్ గురించి," అని మొదలుపెట్టింది శిరీష. "ఆయన స్ప్రింగు తప్పు ఏరిండని, కారు కిందికి దింపి ప్రాణం తీసుకున్నడని గల్లీల అనుకుంటున్రు. నేను ప్రతి భాగం చూసిన. స్ప్రింగు, షాక్ అబ్జార్బరు, రబ్బరు, బోల్టు ఏ ఒక్కటీ తప్పులేదు. నేనైనా అవే ఏరుదును."

లక్ష్మవ్వ భుజాలు కదిలాయి.

"ఇక పైపు. కత్తితోటి కోస్తె కొస నున్నగుంటది. ఇది సాగి తెగింది. అంటె ఎవరు కొయ్యలే. తిరుగుతున్న చక్రమే గుంజి తెంపింది. ఒక పక్క ముందు బ్రేకు పోయింది, ఇంకో పక్కది పట్టింది. కారు కుడికి లాగి స్తంభానికి తాకింది."

"చక్రం పైపును ఎట్ల గుంజుతది? దానికి అందదు గద," అన్నాడు గణేష్.

"పైపు అందదు. దానికి కట్టింది అందుతది." శిరీష లిఫ్టు మీది కారు దగ్గరికి నడిచింది. "చూడుండ్రి. గాడి ఎత్తినప్పుడు చక్రం కిందికి వేలాడుతది. టైరు పైన రెండు చేతులు పెట్టేంత జాగ ఉంటది. సేట్, కొంచెం దింపుండ్రి."

లిఫ్టు మూలుగుతూ దిగింది. చక్రాలు నేలకు ఆనగానే కారు బరువు స్ప్రింగుల మీద పడి, టైరు పైనున్న రేకు గూట్లోకి చొచ్చుకుపోయింది. ఇందాక రెండు చేతులు పట్టిన చోట ఇప్పుడు వేళ్ళు కూడా దూరవు.

"మామూలు ఎత్తున్న కారైతె ఇంకా జాగ మిగిలేది. కిందికి దింపిన కారుకు మిగలలే. ఎవరో ఆ జాగల, పైపుకు ఒక ఎర్రగుడ్డ మూట కట్టిన్రు. అండ్ల పసుపు ఉన్నది. బయటికి కనబడకుండ కట్టిన్రు, ఎందుకంటె బయట కట్టద్దని గిరాకీ అన్నడు. మలుపుల టైరు గుడ్డను పట్టుకొని చుట్టుకుంది. పైపును గుంజింది. దాని పోగులు ఇరుసుకు చుట్టుకొని దొరికినయి. గుడ్డను మాత్రం ఆ తర్వాత ఎవరో బ్లేడుతోటి కోసి తీసిన్రు. పైపు కొస సాగింది, పోగుల కొస నున్నగున్నది. రెండు పనులు రెండు వేళల్ల అయినయి."

"నేనే," అన్నాడు నరేష్. గభాలున లేచి నిలబడ్డాడు. "నేనే కట్టిన. నాకొక మొక్కు ఉండె. నేనే కట్టి నేనే తీసిన. రాసుకోండ్రి, స్టేషన్ల గూడ గిదే చెప్త."

"నువ్వు తీసినవ్ నరేష్. కట్టలేదు," అంది శిరీష. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాట మాత్రం ఆపలేదు. "నేను సగం చెప్పి ఆపొచ్చు. ఆపితె రేపు నువ్వు జైలుకు పోతవ్."

తన కారుకు రాసిన బండారి గుర్తొచ్చి మంగేష్‌కు అప్పుడు అర్థమైంది. తలెత్తి ఎవరివైపు చూడాలో తెలియక నేల చూస్తూ ఉండిపోయాడు.

లక్ష్మవ్వ ఎవరి మాటా వింటున్నట్టు లేదు. లేచి, దిగిన కారు దగ్గరికి వెళ్ళి, టైరుకూ గూటికీ మధ్య వేళ్ళు పెట్టబోయింది. దూరలేదు. మళ్ళీ ప్రయత్నించింది. మూడోసారి చెయ్యి వెనక్కి తీసుకుని దానివైపే చూసుకుంది.

"దిష్టి తీసిననాడు మస్తు జాగ ఉండె," అంది. "వాడు నాకు చాయ్ తేనీకె పోయిండు. నల్లగ తాడు లెక్క ఉండె. గట్టిగ కట్టిన. మస్తు జాగ ఉండె బిడ్డా…"

నరేష్ ఉరికి వచ్చి ఆమెను పొదివి పట్టుకున్నాడు. "నువ్వు గాదవ్వా. నువ్వు గాదు. నీకేం తెలుసు?"

"నీకెట్ల తెలిసె?"

"నీ చీర కొంగు గుడ్డ నేను గుర్తుపట్టనా?" అన్నాడు నరేష్. ఇన్ని రోజులు బిగపట్టిన ఏడుపు అతని గొంతులోంచి తన్నుకొచ్చింది. "పోలీసులు చూస్తె నీకు చెప్తరని తీసిన. వాడు ఎట్లాగూ పోయిండు. నీకు తెల్వకుంటె చాలనుకున్న."

"నేను నిన్ను పాము అంటి గద."

"అంటె అన్నవ్ తియ్. బతికుంటవ్ గద అనుకున్న."

బంటీ వెక్కి వెక్కి ఏడుస్తూ బయటికి వెళ్ళిపోయాడు. గణేష్ సేట్ లిఫ్టు మీట పట్టుకుని నిలబడే ఉన్నాడు. దాన్ని వదలొచ్చని కూడా అతనికి తోచలేదు. మమత నిండు కడుపుతో నెమ్మదిగా నడిచి వచ్చి ముసలామె రెండో పక్కన నిలబడింది. ఆ తల్లి గొంతెత్తి ఏడుస్తుందని అందరూ ఎదురుచూశారు. ఆమె ఏడవలేదు. కొంగుతో నరేష్ ముఖం తుడిచి, శిరీషవైపు తిరిగి, "స్టేషనుకు పోదాం పా బిడ్డా. లౌకర్, జల్ది పోవాలె," అంది.

మంగేష్ వాళ్ళను కారులో ఎక్కించుకుని నడిపాడు. కళ్ళకు అడ్డంపడుతున్న నీళ్ళను మాటిమాటికి మోచేత్తో తుడుచుకున్నాడు.

స్టేషన్‌లో అధికారి ఫిర్యాదు కాగితం ముందు పెట్టుకుని విసుక్కున్నాడు. మొన్న వీడే హంతకుడని గొడవ చేసిన మనిషి ఇవాళ వదిలేయమంటోంది. పైగా తప్పు తనదేనంటోంది. శిరీష నూలు పోగులు చూపించి, పైపు సంగతి మరాఠీలో వివరంగా చెప్పింది. అతను మొత్తం విన్నాడు. విసుగు కాస్తా పోయి అతని గొంతు తగ్గింది. కొత్త వాంగ్మూలం రాసుకోవడానికి కలం తీశాడు.

"ఈ నరేష్ మీకేమవుతాడు?" అని అడిగాడు. శిరీష తెలుగులో చెప్పబోయేలోగానే లక్ష్మవ్వకు ప్రశ్న అర్థమైంది.

"కొడుకు," అంది. అలా అన్నాకే ఆమెకు ఏడుపు వచ్చింది. బల్లమీద తల ఆనించి, కునాల్ పేరు పిలుస్తూ, నరేష్ చెయ్యి వదలకుండా చాలాసేపు ఏడ్చింది. అధికారి కలం పక్కన పెట్టి ఆమె కోసం ఆగాడు.