రాగి గనికి దసరా పూజ

దసరా నాడు హనుమకొండలో పంతులు దొరకడమే కష్టం. అలాంటిది సుబేదారిలోని ఆ కంట్రోల్ రూమ్‌కు పిలవకుండానే ఒక పంతులు వచ్చి గంట వాయిస్తుంటే ఎవరికైనా అనుమానం రావాలి. ఎవరికీ రాలేదు, అదే భానుచందర్ అదృష్టం.

గంటలో స్కానర్. హారతి పళ్లెం అడుగున ట్రాన్స్‌మిటర్. జంధ్యం మాత్రం సొంతదే, మగ్గాల ఇంట్లో పుట్టిన పద్మశాలి బిడ్డ మరి. సీక్రెట్ ఏజెంట్‌గా ఎన్ని వేషాలు వేసినా ఈ వేషమే అతన్ని వణికించింది. మంత్రాలు ఒక్కటీ రావు.

పొద్దున చీఫ్ బ్రీఫింగ్ ముక్కుసూటిగా సాగింది.

“మన రాగి గని మొత్తం ఆ గదిలోంచే నడుస్తుంది. డ్రైవర్ లేని డంపర్లు, పంపులు, గేట్లు, అన్నీ. ఖనిజం కడిగిన నీళ్లను చుక్క బయటికి వదలకుండా మళ్లీ వాడుకునే గని అది. ‘స్కార్లెట్’ అనే విదేశీ ముఠా ఇవాళ ఆ విషపు నీళ్ల చెరువు గేట్లు తెరిపిస్తుంది. యంత్రాలను నమ్మితే ఇంతే అని లోకమంతా అనాలి, గని మూతపడాలి, మనం రాగి వాళ్ల దగ్గరే కొనాలి.”

“కింద మనుషులున్నరు గద సార్. ఖాళీ చేయిద్దాం.”

“పసిగడితే ముందే తెరుస్తారు. ఒక నల్ల డబ్బాను ఆ గదిలో రహస్యంగా కలిపేస్తారు. దాన్ని పీకాలి. వేరేది పీకినా, కరెంటు తీసినా గేట్లు వెంటనే తెరుచుకుంటాయి. లోపల మన మనిషి సునీత ఉంది.”

ఆ గేట్ల కింది పంప్‌హౌస్‌లో ఇవాళ డ్యూటీ చేస్తున్నది భానుచందర్ తమ్ముడు దేవదాస్. ‘పండుగకు గూడ రావు, గా గనే నీకు ఇల్లయితే గాన్నే ఉండు’ అని నిన్ననే వాణ్ని తిట్టి ఫోన్ పెట్టేశాడు భానుచందర్. ఆ మాట ఇప్పుడు గుండెలో గుచ్చుకుంది.

కంట్రోల్ రూమ్ గుమ్మంలోనే సునీత ఎదురైంది. సెక్యూరిటీ హెడ్. రాగిరంగు పట్టుచీర, చూపు తిప్పుకోనివ్వని అందం. పుట్టి పెరిగింది విదేశంలోనే అయినా తెలుగు గలగలా మాట్లాడుతుంది.

“పాలపిట్ట కనబడిందా పంతులుగారూ?”

“జమ్మిచెట్టు మీదుంది తల్లీ.”

కోడ్ సరిపోయింది. లోపల రాక్‌ల నిండా ఒకేలాంటి నల్ల డబ్బాలు. భానుచందర్ పెదాలు ఆడిస్తూ ఒక్కోదానికి పసుపు రాసి, దాని మీద కుంకుమ బొట్టు పెట్టాడు. ఏటా ఇంట్లో మగ్గానికి చేసేదే కాబట్టి చెయ్యి తడుముకోలేదు.

అందరూ పక్కగదిలో పులిహోర తిని వచ్చేసరికి తెర మీద ఎర్రగీత పాకుతోంది.

“పంపులు మాట వింటలేవు,” అంది ఆపరేటర్ రాజేశ్వరి. “గీ గీత చివరిదాంక పోతే గేట్లు తెరుచుకుంటయ్.”

భానుచందర్ గంట పట్టుకుని రాక్‌ల వెంట పరుగెత్తాడు. స్కానర్ ప్రతి డబ్బా దగ్గరా కూసింది. పనికిమాలిన గంట.

“పై వరసలో చివరిది,” సునీత చెవిలో చెప్పింది. “పెట్టినవాణ్ని చూశాను. పీకెయ్.”

డబ్బా మీద చెయ్యి వేశాడు. కుంకుమ కింద పసుపు కనిపించింది. తను రాసిందే. చెయ్యి ఆగిపోయింది.

కళ్లతో వరసలన్నీ గాలించాడు. అన్నిటికీ పసుపు, పసుపు మీద కుంకుమ. కింది వరసలో ఒక్కదానికి మాత్రం నల్లరేకు మీద ఒట్టి కుంకుమ. పూజయ్యాక వచ్చి చేరిన డబ్బా అది.

“పసుపు రాయకుండ బొట్టు పెట్టిందెవరమ్మా?”

సునీత నవ్వు మాయమైంది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్తోలు బయటికొచ్చింది. “కదలకు పంతులూ.”

దిష్టికి తెచ్చిన గుమ్మడికాయ కాళ్ల దగ్గరే ఉంది. ఎత్తి ఆమె మణికట్టుకేసి కొట్టాడు. తూటా సీలింగ్‌లోకి పోయింది. జారిపడ్డ పిస్తోలును రాజేశ్వరి కాలితో తన్నేసింది. భానుచందర్ కింది వరస మీదికి దూకి ఆ ఒట్టి బొట్టు డబ్బాను తీగలతో సహా పీకేశాడు.

ఎర్రగీత చివరంచున ఆగింది.

“గేట్లు కదలలే,” అంటూ రాజేశ్వరి కుర్చీలో కూలబడింది.

సునీతను పోలీసులు తీసుకెళ్లాక, పొద్దుగూకే వేళకు దేవదాస్ ఫోన్ చేశాడు. వాడి గొంతు వినగానే భానుచందర్‌కు కళ్లు నిండాయి.

“అన్నా, ఇంక కోపమేనా? పొద్దంత ఏం జేసినవ్?”

“లేదురా. దోస్తు ఆఫీసుల మిషిన్లకు పూజ చేసిన.”

“నువ్వా? మంత్రాలు ఒక్కటన్న వస్తయా నీకు?”

“రావు. బొట్టు పెట్టుడొస్తది.”