ఆరూ పదికి మోగే ఫోన్

ఆరూ పదికి ఫోన్ మోగింది. వరసగా తొమ్మిదో రోజు.

ఆమె స్టవ్ తగ్గించి చూసింది. మళ్ళీ ఎవరో రూట్ లాగిన్ వాడారు. ఆసుపత్రుల ఎక్స్‌రేలను క్లౌడ్‌లో దాచే వాళ్ళ చిన్న సంస్థలో దేన్నైనా తెరవగల, దేన్నైనా చెరిపేయగల లాగిన్ అది. దానితో ఎవరు ఏం చేసినా తన ఫోన్ మోగేలా ఆమే ఏర్పాటు చేసింది. పాస్‌వర్డ్ తెలిసింది తనకూ, భర్తకూ. వాడింది ఇంటి నెట్ నుంచే.

భర్త తల తుడుచుకుంటూ వచ్చాడు.

"స్నానానికి ముందే పని కానిచ్చావా?"

"మళ్ళీ మొదలెట్టావా! నేను కాదని ఎన్నిసార్లు చెప్పాలి?"

"పోటీ కంపెనీవాళ్ళు ఉద్యోగానికి పిలుస్తున్నారుగా. ఉత్త చేతులతో వెళ్ళడం బాగుండదు కాబోలు."

"పాస్‌వర్డ్ మార్చి పారెయ్. పీడా పోతుంది."

"మారిస్తే దొంగ దొరకడు."

అతను తువ్వాలు కుర్చీ మీద పడేశాడు. "రేపు మా అన్నయ్య ఇంటికి పోతున్నా. అప్పుడు మోగితే ఎవర్ని అంటావో అను."

పక్కగదిలో ఆమె తండ్రి అంతా విన్నాడు. తొమ్మిది రోజులుగా వింటూనే ఉన్నాడు. తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

మర్నాడు గుమ్మం దగ్గర అతని సంచి ఉంది. వెళ్ళేముందు తన కప్పు తాను కడుక్కుంటున్నాడు. ఫోన్ మోగింది.

ఆమె సబ్బు నురగ నిండిన ఆ చేతుల్నే చూసింది. తర్వాత పక్కగది తలుపు తోసింది. తండ్రి ముందు ల్యాప్‌టాప్ తెరిచి ఉంది.

"రిటైరైన రోజే పాస్‌వర్డ్ మర్చిపోయానన్నావుగా నాన్నా?"

"సంస్థ మొదలెట్టినప్పుడు మీ అమ్మా నేనూ కలిసి పెట్టింది. ఎలా మర్చిపోతాను?"

తెర మీద లాగిన్లు ఉన్నవాళ్ళ పేర్లు. మొదటిది అమ్మది. పోయి నాలుగు నెలలైంది.

"వాడని పేర్లు తీసేస్తానన్నావు. తీసేశావేమోనని చూస్తున్నా. అంతే."

"నన్ను అడగొచ్చుగా!"

"అడిగితే గుర్తొచ్చి తీసేస్తావు."

ఆమెకు ఏడుపొచ్చింది. "ఆయన్ని దొంగ అంటుంటే విని ఊరుకున్నావా?"

తండ్రి లేచి వెళ్ళి అల్లుడి ముందు నిలబడ్డాడు.

"తప్పు నాది బాబూ. నువ్వు మాటలు పడుతుంటే తలుపేసుకుని కూర్చున్నా."

అల్లుడు పరవాలేదనలేదు. చేతులు తుడుచుకుని, సంచి తీసి లోపల పెట్టాడు.

"నేనూ అన్నాను," అంది భార్య, అతని వైపు చూడలేక.

"అన్నావు. నేనెక్కడికీ పోవట్లేదు. మర్చిపోమని మాత్రం ఇప్పుడే అడక్కు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "అమ్మ పేరు ఉంచుదాం నాన్నా."

"వద్దమ్మా. దాని కోసమే ఇతన్ని దొంగని చేశా. నేనే తీసేస్తా."

తండ్రి గదిలోకి వెళ్ళాడు. కాసేపటికి వంటింట్లో ఫోన్ మోగింది. ఎవరూ వెళ్ళి ఆపలేదు.