మూడో పిలుపు దాకా పలకొద్దు

మా బిడ్డ గోపమ్మకు క్షయ వచ్చిన ఏడు గడ్డి మొలవలేదు. మా ఆయన బీరన్న గొర్లను తోలుకొని ఆత్మకూరు దిక్కు, కృష్ణ ఒడ్డుకు పోయిండు. నేను బిడ్డను బండిలో పండబెట్టుకొని దేవరకొండ అవతల ఒక చిన్న దవాఖానకు తెచ్చిన. దానికి పదహారేండ్లు. ఎత్తితే గొర్రెపిల్లంత బరువు లేదు.

దవాఖాన వెనక ఫర్లాంగు దూరంలో, రాళ్ల దిబ్బ మీద, క్షయ వాళ్లకు నాలుగు గుడిసెలు ఉండేవి. ఇంటివాళ్లు లోపలికి పోవద్దు. నర్సమ్మ ఒక్కతే, నిర్మలమ్మ. దీపాలు పెట్టినంక ఏ గుడిసెలో ఎవరి ఊపిరి ఆగిందో ఆమెకు తెలిసేది కాదు. అట్ల ఇద్దరు పోయిండ్రంట. తెల్లారి చూసిండ్రంట.

అందుకని డాక్టరు పట్నం నుంచి రెండు పాత ఫోను డబ్బాలు తెచ్చిండు. మిలిటరీవాళ్లు వాడి పక్కన పడేసినవి. ఒకటి నిర్మలమ్మ బల్ల మీద. ఇంకొకటి గోపమ్మ మంచం కాడ, అందరికంటే దానికే ఎక్కువుంది కాబట్టి. నడుమ నల్ల తీగ. గోపమ్మ దిక్కు మాట్లాడే మీటను పేలికతో నొక్కి కట్టి, దిండు పక్కన పెట్టిండ్రు. ఇక్కడ చెవికి ఆనించుకుంటే అక్కడి ఊపిరి ఇనబడతది. నిర్మలమ్మ గడియారం చూసుకుంట లెక్కపెట్టి కాగితం మీద రాసేది.

మొదటి రాత్రే తకరారు వచ్చింది. నిర్మలమ్మ డబ్బాలో "గోపమ్మా" అని పిలిచింది. పలకలేదు. ఊపిరి కూడా ఇనబడలేదు. కందిలి పట్టుకొని ఉరికింది. పోయి చూస్తే పిల్ల కండ్లు తెరుచుకొనే ఉంది, ఊపిరి బిగబట్టుకొని.

"ఎందుకు పలకలేదే?"

"నువ్వు మూడుసార్లు పిలవలే కదా."

నిర్మలమ్మ ఆయాసపడుకుంట నా కాడికి వచ్చింది. "ఏం గుర్వమ్మా, నీ బిడ్డ పెండ్లిపిల్లనా? మూడుసార్లు బతిమాలాల్నా?"

అది మా గొర్లకాపరుల ఇండ్లల్లో నేర్పే మాట. పొద్దుగూకినంక ఎవరు పేరు పెట్టి పిలిచినా మూడో పిలుపు దాకా పలకొద్దు. చీకట్ల పిలిచేది ఒక్కసారే పిలుస్తదంట. పలికినవాళ్లను గుర్తు పెట్టుకుంటదంట. మా అత్త నాకు చెప్పింది. నేను గోపమ్మకు చెప్పిన.

"ఫికర్ చేయకు, ఈ తీగలకు దయ్యాలు పట్టవు," అన్నది నిర్మలమ్మ. "ఒక్కసారికే పలకమని నువ్వే చెప్పు. నా మాట ఇంటలేదు. రోజూ నేను గుండె పట్టుకొని ఉరకాల్నా?"

నేను డబ్బా నోటికాడ పెట్టుకున్న. "బిడ్డా, నా గొంతు ఇనబడితే ఒక్కసారికే పలుకు. నేనే."

"సరేనమ్మా."

ఆ మాట నేనే చెప్పిన.

పది రోజులు మంచిగ నడిచింది. ఒకనాడు డబ్బాలో గుడగుడమని చప్పుడు రాంగనే నిర్మలమ్మ ఉరికింది. గోపమ్మ నోట్లెకెళ్లి రక్తం. పక్కకు తిప్పి పండబెట్టకపోతే పోయేదే. ఆ డబ్బాకు నేను మొక్కిన.

పదకొండో రోజు పొద్దుగూకే యాళ్లకు వాన మొదలైంది. ఆ ఏడు మొదటి వాన. మట్టి వాసన. చివరి గుడిసెలో ముసలాయన ఇస్రాయేలుకు సూది వెయ్యాలని నిర్మలమ్మ పోయింది.

"జర చెవి పెట్టి కూసో గుర్వమ్మా. ఇప్పుడే వస్త."

నేను చెవి పెట్టిన. కప్పు మీద వాన. దాని కింద బిడ్డ ఊపిరి. సన్నగ, గురగురమంట. లెక్కపెట్టుకుంట ఉన్న. ఇరవై. ఇరవై ఒకటి...

"గోపమ్మా."

నా గొంతు.

నా నోరు మూసే ఉంది.

"ఆ, అమ్మా," అన్నది నా బిడ్డ.

తలుపు కిర్రుమన్నది. డబ్బాలో వాన చప్పుడు ఒక్కసారి పెరిగి, మళ్ల తగ్గింది. తలుపు మూసిండ్రు.

"గోపమ్మా! పలకకు బిడ్డా! అది నేను కాదు!"

 మూడుసార్లు పిలిచిన. గోపమ్మా... గోపమ్మా... గోపమ్మా...

దగ్గర నుంచి, మెల్లగ, పిల్ల గొంతు వచ్చింది.

"అమ్మ ఈడనే ఉంది. నువ్వెవరు?"

తర్వాత ఊపిరి. గురగురమనేది ఒకటి. దాని పక్కన ఇంకొకటి. నిదానంగ.

ఎట్ల ఉరికిన్నో తెల్వదు. రాళ్ల మీద రెండుసార్లు పడ్డ. తలుపు తోసిన.

దీపం వెలుగుతాంది. గోపమ్మ మంచం మీద కూసొని ఉంది. నెల నుంచి లేచి కూసోలేని పిల్ల. గుడిసె నిండ తడిసిన గొంగడి వాసన. నా గొంగడి దవాఖాన వసారాలోనే ఉంది. పొడిగ.

పిల్ల తల దువ్వి, జడ అల్లి ఉంది. బిగుతుగ. జడలకెళ్లి నీళ్లు కారుతున్నయి. పొద్దున నేను గడప కాడ నుంచి చూసినప్పుడు ఆ జుట్టు చిక్కులు పడి ఉండె. దానికి చెయ్యి ఎత్తే బలం లేదు.

"జడ ఎవరు వేసిండ్రు బిడ్డా?"

నా దిక్కు చూసింది. కొత్తవాళ్లను చూసినట్టు.

"అమ్మ."

ఆనాటి నుంచి దగ్గు తగ్గింది. రక్తం మళ్ల పడలేదు. రెండు నెలలకు ఇంటికి పంపిండ్రు. డాక్టరు మురిసిపోయిండు, నాలుగు గుడిసెలకూ డబ్బాలు పెట్టిస్తనన్నడు. నిర్మలమ్మను పక్కకు పిలిచి అంతా చెప్పిన. నవ్వుతదనుకున్న. నవ్వలేదు.

"ఇస్రాయేలు గుడిసెలో నాకూ నీ పిలుపు ఇనబడ్డది," అన్నది. "నువ్వే వానలో బయటికి వచ్చినవనుకున్న."

ఇప్పుడు గోపమ్మ ఇంట్లనే ఉంది. తింటది. పని చేస్తది. బీరన్న బిడ్డను చూసి సంబరపడతడు. నేను ఆయనకు చెప్పలేదు. బిడ్డ బతికి వచ్చింది, ఇంకేం చెప్పాలె?

కాని దీపం పెట్టినంక నేను పిలిస్తే పలకదు. మూడుసార్లు పిలిచినా పలకదు.

వాన పడ్డ నాడు గొర్లదొడ్డి దిక్కు నుంచి ఒక్క పిలుపు వస్తది. నా గొంతుతోనే. గొర్లన్నీ ఒక్కసారి లేచి నిలబడతయి.

"వస్తున్నమ్మా," అంటది గోపమ్మ.

పోనియ్యను. తలుపుకు గొళ్లెం పెట్టి, దాని చెయ్యి నా చేతిలో పట్టుకొని, తెల్లారే దాక వదలను. దాని జుట్టు విప్పే ఉంచుత. జడ వెయ్యడం నేను మానేసిన.

తెల్లారి చూస్తే జడ అల్లి ఉంటది. తడిగ.