మూడు వందల క్యాబేజీలు

ఎనభై క్యాబేజీలు చీల్చి ఉప్పులో నానబెట్టాలి. ముల్లంగి సన్నగా తరగాలి. వెల్లుల్లి వలవాలి, కారం కలపాలి. సాయానికి వచ్చేవాళ్ళకు పంది మాంసం ఉడికించాలి. కొరియాలో చలికాలానికి సరిపడా కిమ్చీ, అంటే క్యాబేజీ ఊరగాయ, పెట్టే ఆ ఉదయం అమ్మ చేయవలసిన పనులివి.

ఆమె లేచేసరికే సగానికి పైగా అయిపోయాయి. కూతురు సోన్‌మీ పెరట్లో పాడుకుంటూ క్యాబేజీలు కడుగుతోంది. కొడుకు డూహో అందిస్తున్నాడు.

"మూడు రాత్రులైందమ్మా నిద్రపోయి. అయినా అలుపే లేదు!" అంది సోన్‌మీ.

సాయానికి వచ్చిన పక్కింటావిడ నోరు వెళ్ళబెట్టింది. "సోన్‌మీ వాళ్ళమ్మా, నీ కూతుర్ని మాకు అద్దెకిస్తావా? మా కోడలింకా దుప్పట్లోనే ఉంది."

అమ్మ పొంగిపోయింది. ఎండాకాలమంతా గోడవైపు తిరిగి పడుకున్న పిల్ల ఇది. "చూశావురా, మీ అక్కకు నయమైపోయింది!"

డూహో ఇంకో క్యాబేజీ అందించాడు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడతను. అక్కది బైపోలార్ డిజార్డర్ అనీ, అది కొన్నాళ్ళు కుంగదీస్తుందనీ, కొన్నాళ్ళు పట్టపగ్గాల్లేకుండా ఎగదోస్తుందనీ, నిద్ర తగ్గితే జాగ్రత్తపడాలనీ డాక్టరు చెప్పింది అతనికే. నాలుగు రోజులుగా అక్క మాత్రలు డబ్బాలో అలాగే ఉన్నాయి. చూశాడు. కానీ ఇంట్లో పనిచేసే చేతులు తక్కువ. ఈ ఒక్క రోజు గడవనీ అనుకున్నాడు.

పది గంటలకు గుమ్మం ముందు లారీ ఆగింది. సోన్‌మీ ఇంకో మూడు వందల క్యాబేజీలు తెప్పించింది.

"ఎవరు తింటారే ఇన్ని?"

"ఊరంతా! దుకాణం పెడుతున్నా. బోర్డు కూడా రాయించేశా!"

"నీకేమైనా పిచ్చి పట్టిందా?"

సోన్‌మీ రబ్బరు తొడుగులు లాగి విసిరికొట్టింది. ఉప్పుకు పగిలిన వేళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పడుకుంటే బద్ధకమన్నావు. పరిగెడితే నయమైందన్నావు. ఇప్పుడు పిచ్చా? ఇందాక ఆవిడ ముందు మురిసిపోయింది ఎవరమ్మా?"

"అమ్మననకు, తప్పు నాది," అన్నాడు డూహో. "నువ్వు మాత్రలు వేసుకోవట్లేదని నాకు తెలుసక్కా. పనవుతోంది కదా అని ఊరుకున్నా."

"తెలిసే క్యాబేజీలు అందించావా?"

సోన్‌మీ అక్కడే తడి నేల మీద కూలబడి ఏడ్చింది.

అమ్మ ఏప్రన్ విప్పేసింది. ఎక్కువసేపు ఉప్పులో ఉంటే క్యాబేజీ పనికిరాదు. నలభై ఏళ్ళలో ఆ పని ఆమె ఏనాడూ మధ్యలో వదల్లేదు.

"పాడైతే పోనీ. పద, ఆస్పత్రికి వెళ్దాం. ఇదీ జబ్బేనని నాకు తెలీదు తల్లీ. తెలుసుకోనూ లేదు."

"బస్సులో కూడా నా నోరు ఆగదమ్మా."

"ఆపకు. నేను వింటూ కూర్చుంటా."

ఆ ఏడు వాళ్ళింట్లో కొన్న కిమ్చీయే తిన్నారు. మీ ఇంట్లో ఎవరైనా నిద్ర మాని అందరి పనీ నెత్తిన వేసుకుంటుంటే, మెచ్చుకునే ముందు ఒక్కసారి సోన్‌మీని గుర్తుచేసుకోండి.