టైలరమ్మ మూడో పరీక్ష

పొద్దున్నే ఇంట్లో కుట్టుమిషన్ చప్పుడు లేదంటే టైలరమ్మ ఏదో పంతం పట్టిందన్నమాటే. మిషన్ మీద ట్యాబ్ నిలబెట్టి, మెడలో టేపుతో కదలకుండా కూర్చుంది. కుట్టుపని నేర్పే టీచరవ్వాలంటే ఆన్‌లైన్ పరీక్ష రాయాలి. ఇప్పటికి రెండుసార్లు మధ్యలో వదిలేసింది. ఇది ఆఖరి అవకాశం. మధ్యాహ్నం పన్నెండు దాటితే అంతే సంగతులు.

ఆ పరీక్ష నడిపే కంపెనీలోనే కూతురి ఉద్యోగం. విద్యార్థులను తెర ముందు కూర్చోబెట్టి, ఎక్కడ తడబడుతున్నారో చూసి రాసుకోవడం ఆమె పని. పరీక్ష మధ్యలో మానేసేవాళ్ల మీద నివేదిక ఈ రోజే ఇవ్వాలి. శ్రద్ధ లేక మానేస్తున్నారని నిన్ననే రాసి పెట్టుకుంది.

"ఇలా ఇవ్వమ్మా, రెండు నిమిషాల్లో నేను నొక్కేస్తాను," అంటూ చెయ్యి చాపింది.

తల్లి ట్యాబ్ వెనక్కి లాక్కుంది. ఫోన్ కొన్ననాటి నుంచీ కూతురిది ఇదే వరస. ఏదడిగినా చేతిలోంచి తీసుకుని టకటకా నొక్కి ఇచ్చేయడమే తప్ప, ఒక్కనాడైనా ఓపిగ్గా చూపించిన పాపాన పోలేదు ఆ మహాతల్లి.

"ఆఫీసులో ముక్కూ మొహం తెలియనివాళ్ల పక్కన గంటలకొద్దీ కూర్చుంటావు. నా దగ్గరికొచ్చేసరికి నీకు తొందర. అమ్మ మొద్దని నువ్వే తేల్చేశావు."

కూతురికి చురుక్కుమంది. సంచి కింద పెట్టి, స్టూలు లాక్కుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఎదుటివాళ్లు ఎంత తడబడినా తెర ముట్టుకోకుండా ఉండేందుకు ఆఫీసులో కొత్తవాళ్లకు నేర్పే మొదటి పద్ధతి అది.

ఆరు ప్రశ్నలు సాఫీగా అయిపోయాయి. ఏడో ప్రశ్న, ఒక భుజం జారిన మనిషికి చొక్కా కొలతలు. టైలరమ్మ గుడ్డ పరిచింది, సుద్దతో గీసింది, చెరిపింది, మళ్లీ కొలిచింది. జవాబు దొరికి తెర వైపు తిరిగేసరికి మొదటి ప్రశ్న కనిపిస్తోంది. ఆరు జవాబులూ మాయం.

"ప్రతిసారీ ఇక్కడ ఇంతే. నేనే ఏదో తప్పు నొక్కుతున్నాననుకున్నాను," అంది తల్లి, నెమ్మదిగా.

కారణం కూతురికి తెలుసు. పది నిమిషాలు తెర ముట్టకపోతే మనిషి లేచి వెళ్లిపోయినట్టే లెక్క, పరీక్ష మళ్లీ మొదటికొస్తుంది. ఆ ఏర్పాటు బాగుందని సంతకం పెట్టింది తనే. చెబుదామని నోరు తెరిచేలోపే తల్లి నవ్వింది.

"గుడ్డ కొలుస్తున్నంతసేపూ దీన్ని ముట్టుకోలేదుగా, అందుకే అలుగుతోందన్నమాట. సరే, దీని సంగతి చూస్తాను."

ప్రశ్నలన్నీ చదివి, జవాబులన్నీ ముందు గుడ్డ మీద సుద్దతో రాసుకుంది. ఆ తర్వాతే మొదటి నుంచి మొదలుపెట్టింది. పదకొండూ నలభైకి తెర మీద 'మీ జవాబులు అందాయి' అని వచ్చింది.

కూతురి కళ్లు అప్పటికే తడిసిపోయాయి. నిన్న రాసిన వాక్యం గుర్తొచ్చి సిగ్గేసింది. దాన్ని కొట్టేసి, మానేసేవాళ్లు అప్పటిదాకా ఆలోచిస్తూ కూర్చున్నవాళ్లేనని రాయాలి.

"నువ్వు మొద్దువి కాదమ్మా. తప్పు మాది. నాది."

టైలరమ్మ కొంగుతో కూతురి మొహం తుడిచి, ట్యాబ్ ఇద్దరి మధ్యకూ జరిపింది.

"ఏడిచింది చాలు గానీ, ఫలితాలు ఎక్కడ చూడాలో చెప్పు. నేనే నొక్కుతాను."

కూతురు నోటితోనే దారి చెప్పింది. చేతులు ఇంకా తొడల కిందే ఉన్నాయి.