చంపినవాళ్ళ లిస్టు

"లిస్టులో నలభై ఒక్క పేర్లున్నాయి. పదిహేడోది మీ పాపది," అన్నాడు డెంటిస్టు ఇజిడోర్, పెర్లా నోట్లో అద్దం పెట్టి.

నోరు తెరిచి ఉండటంతో ఆమె అరవలేకపోయింది.

"రేపు ఎనిమిదికి నాజీ మేజర్ క్రాంట్స్ దాన్ని హెడ్‌క్వార్టర్స్‌కి తీసుకెళ్తాడు. సాయంత్రానికి దాక్కున్న మన యూదులంతా దొరికిపోతారు. ఈ వడ్డించే ట్రే తీసుకెళ్ళు, దీని అడుగున రహస్యపు అర ఉంది. అందులో అచ్చం అలాంటి లిస్టే. మార్చెయ్యి."

"అందులో ఎవరి పేర్లు, డాక్టరుగారూ?" అద్దం తియ్యగానే అడిగింది పెర్లా.

"పోయిన చలికాలం వాడు ఇసుక గుంటల్లో కాల్పించినవాళ్ళవి. తాను చంపినవాళ్ళ పేర్లు వాడికి గుర్తుండవు. వాడి ప్రియురాలు వాండాతో మాత్రం జాగ్రత్త. డేగ కళ్ళు దానివి."

మర్నాడు ఏడున్నర. జర్మన్లు ఆక్రమించిన లవూఫ్ నగరంలో మేజర్ బంగళా వంటిల్లు. మెడలో సిలువతో, స్టెఫ్కా అన్న దొంగ పేరుతో పెర్లా మూడు నెలలుగా అక్కడ వంటమనిషి. ఆలోచన కూతురి మీద ఉంది. చెయ్యి తన అలవాటు పని తాను చేసుకుపోయింది: గుడ్డును గ్లాసులో కొట్టి, కిటికీ వెలుగులో ఎత్తి చూసింది.

"నెత్తుటి చుక్క ఉందా?"

గుమ్మంలో వాండా. పట్టు గౌను, ఎర్రటి లిప్‌స్టిక్.

పెర్లా గ్లాసు దించింది. చుక్కున్న గుడ్డు పారెయ్యడం యూదుల ఇంటి ఆచారం. మరి ఈమెకెలా తెలుసు?

"నువ్వెవరి అమ్మాయివి?" యూదుల యిద్దిష్ భాషలో మెల్లగా అడిగింది.

వాండా తలుపు మూసింది. "చేపల వీధి సిర్ల కూతుర్ని," అంది అదే భాషలో.

"ఆ హంతకుడి టై కడతావే! సిగ్గులేదూ?"

"వాడికి గుడ్లు వేయిస్తావే! నీకుందా?"

బయట కారు హారన్ మోగింది. పెర్లా ట్రే అందుకుంది. "వాణ్ణి రెండు నిమిషాలు మేడమీదే ఆపు."

ఎందుకని వాండా అడగలేదు. "డార్లింగ్, ఆ టై ఏం బాలేదు!" నవ్వుతూ మెట్లెక్కింది.

మేజర్ బ్యాగు భోజనాల గదిలో కుర్చీ మీదుంది. పెర్లా లిస్టు లాగింది. పదిహేడు: రిఫ్కా షోర్, ఏడేళ్ళు, కాన్వెంటు. వయసు కూడా రాసుకున్నారు! కాగితం ముక్కలుగా చించేయాలనిపించింది. చించలేదు. మడతపెట్టి ట్రే అరలో తోసి, రెండోది బ్యాగులో పెట్టి బిగించేసరికి మెట్ల మీద బూట్ల చప్పుడు.

మేజర్ ఆమ్లెట్ మొత్తం తిన్నాడు.

"భేష్, స్టెఫ్కా! ఇదివరకటి వంటమనిషి గుడ్డులో నెత్తుటి చుక్కలు వదిలేసేది. నెత్తురు చూస్తే నాకు కడుపులో తిప్పేస్తుంది."

మూతి తుడుచుకుని, తాను చంపిన నలభై ఒక్కమందిని అరెస్టు చేయించడానికి కారెక్కాడు.